తాత గడియారంలో వదిన మిషను

ఏం మే శిల్పా, చేతికి కట్టుకున్యావే, అది గడియారమా, టీవీనా? ఇందాక చూస్తే ముండ్లు తిరుగుతాండె, ఇప్పుడు చూస్తే ఉత్త అంకెలుండాయి. ఏందీ, వేలుపెట్టి నూకితే మొగమే మారిపోతాదా? ఓయబ్బా! అయితే పైన మొగం మారినా లోపల పేగులు అవేగదా. మా వదిన అట్ల కాదు మే. ఆయమ్మ మొగాన్ని అట్లే పెట్టి పేగులు మార్చేది. ఎవరంటావేంది, మా రామసుబ్బొదిన! మా పెద్దన్న పెండ్లాము. నీకు జేజి, అదే నాయనమ్మ, వరసయితాది. నువ్వు పుట్టకముందే పాయె. కాలేజీలో నువ్వు మైకు పట్టుకుంటే మగపిల్లోళ్లు నోరెత్తరంట గదా, మీ నాయన చెప్పి ఒకటే మురిసిపోతాండె. ఆ నోరు నీకు యాణ్నించి వచ్చిందనుకున్యావు? కూర్చో, చెప్తా. ఆ దిండు ఇట్లియ్యి, నడుము పట్టేసినాది.

కమలాపురం పిల్ల మే ఆయమ్మ. వాళ్లింటి పక్కనే మస్తాన్ సాయిబుది గడియారాల అంగడి. బడి ఇడిసినాంక ఈమె పోయి ఆడ కూర్చునేదంట. ఆయప్ప 'ముట్టుకోవద్దు బేటీ, ముట్టుకోవద్దు బేటీ' అంటానే అంతా నేర్పిచ్చినాడు. పెండ్లయి మా ఇంటికి వచ్చినప్పుడు, ఆడోళ్లంతా చీరల పెట్టె చూస్తాంటే, ఈమె బిస్కెట్ల డబ్బా ఒకటి సంకలో పెట్టుకోని బండి దిగె. నగలేమో అనుకోని మా అమ్మ దాన్ని దేవుని గూట్లో పెట్టిచ్చి దండం గూడా పెట్టుకునె. తీరా మూత తీస్తే ఏముండాయి? చిమ్మటాలు, సూదుల మాదిరి స్క్రూడ్రైవర్లు, కంటికి పెట్టుకునే భూతద్దం, చచ్చిన గడియారాల మిషన్లు. మా నాయన చూసి, 'కోడలు కాపరానికి వచ్చినాదా, కటిక అంగడి పెట్టనీకె వచ్చినాదా?' అన్యాడు. ఆయప్ప మాటలు అట్లుంటాయిలే. మనిషి మంచోడే.

యాపారం కాదు మే, ఉత్త సరదా. ఎవురి దగ్గరా ఒక రూపాయి ముట్టిండ్లే. పైటాల అన్నాలయినాంక ఇంట్లో అందరూ కునుకు తీస్తాంటే, వసారాలో తెల్లగుడ్డ పరుచుకోని కూర్చునేది. దీని మిషను పీకి దాని కేసులో, దాని మిషను పీకి దీని కేసులో. ఎందుకు వదినా ఈ తిక్కపని అంటే, 'ఇముడుతాదో ఇమడదో చూద్దామని, నారాయణా' అనేది. అంతే. మాకు పేకాట ఎట్లనో ఆయమ్మకు అది అట్ల. మా అన్న చేతి గడియారంలో ఎన్ని మిషన్లు మారినాయో ఆ మొగునికే తెలీదు, పాపం. ఒకతూరి కీ గడియారాన్ని బ్యాటరీది చేసిపెట్టింది. మా అన్న రోజూ లేస్తానే దానికి కీ ఇచ్చేది, ఈమె చాటుకుపోయి నవ్వేది. శానా దినాలు జరిగినాది ఆ బాగోతం!

యాడున్యా? ఆఁ, వంతు గడియారం. నీకు అది తెలీదు గదా. ఇప్పుడంటే ఎవురి బోరు వాళ్లది, స్విచ్చి నొక్కితే నీళ్లు. అప్పుడు మన కయ్యలు, అదే మన మడులు, అన్నిటికీ కేసీ కాలవ నీళ్లే గతి. దసరా దాటినాంక కాలవలో నీళ్లు తగ్గుతాయి. అప్పుడు తూముకాడ వంతులు పెట్టేది, ఫలానా కయ్యకు ఇంతసేపు అని. ఆ సేపు కొలిచేదానికి ఊరంతటికీ ఒకటే గడియారం. మా తాతది, గొలుసు గడియారం, అరిచెయ్యంత ఉంటాది. గడియారం ఎవురింట్లో ఉంటే వంతు పెద్దరికం వాళ్లది. ఊరికే కాదు మల్ల. మొదటి వంతు దినం రైతులంతా తూముకాడికి రావాల. మా నాయన అందరి ముందర కీ తిప్పి గడియారాన్ని చేతికిస్తాడు. ఒకరి తర్వాత ఒకరు చెవుకాడ పెట్టుకోని 'పలుకుతాండాది' అని చెప్పాల. అందరూ చెప్తేనే తూము ఎత్తేది. పలకలేదా, పెద్దరికం ఇల్లు మారాల్సిందే. మా తాతకైనా ఎట్లొచ్చింది? ఊర్లో ఇంగో రైతు ఓబుళేశని ఉండె, వాళ్ల తాత గడియారం నిలబడిపోతేనే మాకొచ్చింది. అది ఓబుళేశు కడుపులో అట్లే ఉండిపాయె. ఎప్పుడెప్పుడా అని కాసుకోని ఉన్యాడు ఆయప్ప. కడపలో కొత్త చేతి గడియారం గూడా కొని పెట్టుకున్యాడు, ముందుజాగర్తగా.

ఆ ఏడు వానల్లేవు. నేను డిగ్రీ అయిపోయి ఊర్లో ఊరికే తిరుగుతాంటి. మహర్నవమికి మనం పనిముట్లకు పూజ చేస్తాం గదా, మడకకు, కొడవండ్లకు. గడియారానికి ఏటా ఉత్త బొట్టే. ఆ ఏడు మా నాయనకు భక్తి పెరిగినాది. 'ఎద్దులకు చేస్తిమి, మడకకు చేస్తిమి, ఊరికి నీళ్లు పంచే తల్లికి ఉత్త బొట్టు పెడితే సరిపోతాదేమప్పా?' అని దాన్ని పళ్లెంలో పెట్టి, చింతపండుతో తోమి, పసుపు పూసి, టెంకాయ కొట్టి, ఆ నీళ్లన్నీ దాని నెత్తిన పోసినాడు! అభిషేకం! మా వదిన వంటింట్లోనించి 'మామా, మామా, వద్దు' అని పరిగెత్తుకొచ్చే తలికి తల్లి తలంటుకోని కూర్చున్యాది. నవ్వుతావా? నేనూ నవ్వితి, మా నాయన కొట్టనీకె వచ్చె.

మర్నాడు చూస్తే పలుకు లేదు. కీ తిప్పితే తిరగదు. ఎల్లుండి మొదటి వంతు. మైదుకూరుకు పరిగెత్తితి, పండగని రిపేరాయన అంగడి మూసి ఊరికి పోయినాడు. మా నాయన అన్నం ముట్టలే. గోడకల్లా తిరిగి పండుకోని, 'మా నాయన తెచ్చిన పేరు నా చేతుల్లో పోతాండాది, ఓబుళేశు ముందర తల ఎట్లెత్తుకునేది' అని ఒకటే గొణుగుడు. మా వదిన పోయి నిలబడె. 'మామా, ఒకతూరి నాకియ్యి.' 'నువ్వు ముట్టుకుంటే అది గడియారంగా మిగలదమ్మా.' 'ఇప్పుడు మాత్రం గడియారంగా ఉండాదా మామా, ప్రసాదంగా ఉండాది గానీ' అనె. మా నాయన లేసి కూర్చోని గొలుసు తీసి చేతిలో పెట్టినాడు.

ఎనక మూత తీస్తే చీమలు మే! తియ్యటి నీళ్లు గదా, బారులు కట్టి ఉండాయి. మా వదిన ఊదుకుంటా, తుడుచుకుంటా, భూతద్దంలో చూసి తల అడ్డంగా ఊపె. పండ్ల చక్రాలు తుప్పుతో అతుక్కపోయినాయి, ఎంటిక మాదిరి స్ప్రింగు మెలికపడిపోయినాది. 'ఇంక ఇది లేవదు నారాయణా. వేరే మిషను ఎక్కియ్యాల' అనింది. బ్యాటరీది పెట్టు వదినా, సులువు గదా అంటి. 'చెవుకాడ పెట్టుకుంటే తెలిసిపోదా? అది ఒకమాట పలికి ఆగి ఇంగోమాట పలుకుతాది. వీళ్లకు ఆగకుండా పలికేది కావాల' అనింది. కీ మిషను యాడుండాది? డబ్బాలోవన్నీ చచ్చినవే. డబ్బా మూత పెట్టేసింది. తర్వాత తన చేతిది ఇప్పింది. వాళ్ల నాయన పెండ్లికి పెట్టిన చేతి గడియారం మే, రేగుపండంత ఉంటాది. ఒకతూరి గూడా దాన్ని ఇప్పిన మనిషి కాదు. ఊర్లో గడియారాలన్నీ కోసింది గానీ దాని జోలికి పోలేదు. నేను వద్దు వదినా అంటి. 'పోనీలే, ఊర్లో పది కయ్యలు తడుస్తాయి' అని ఎనక మూత తీసేసె.

ఇంగ చూడు ఆ అవస్థ. అరిచెయ్యంత కేసులో రేగుపండంత మిషను, బాయిలో గోలీ ఏసినట్లుండాది. గడగడలాడతాది. దానికి చుట్టూ ఒక ఉంగరం కావాల, అది నడిమధ్యన నిలబడేట్లు. ఏం దొరికినాదనుకున్యావు? మా నాయన కొట్టిన టెంకాయ చిప్పే! రాయి మీద అరగదీసి, అరగదీసి, గుండ్రంగా ఉంగరం చేసి దాంట్లో మిషను కూర్చోబెట్టె. చంపిందీ అదే, బతికిచ్చిందీ అదే. డయలు ఎనక రెండు కాళ్లుంటాయిలే, అవి కొత్త మిషనులో దిగవు. కత్తిరించి లక్కతో అతికిచ్చింది. కీ పుల్ల కేసు అంచు దాకా అందదు. సూదిముక్క తీసుకోనిపోయి కంసాలి చేత టంకం టాకా ఏపిచ్చుకోని వచ్చె. అంతా అయినాంక ముండ్లు. పెద్ద ముండ్ల బొక్కలు వదులు, నిలబడవు. చిన్న గడియారం ముండ్లే పెట్టాల్సొచ్చె. చూస్తే మా తాత మొగానికి పసిపిల్లోని మీసాలు పెట్టినట్లుండాది! ఇంగోటి, పాతదాంట్లో కింద చిన్న గుండ్రంలో సెకండ్ల ముల్లు తిరుగుతాంటాది గదా, ఈ మిషనుకు అది లేదు. బొక్క కనపడతాంది. దాని మీద మా వదిన ఇంత కుంకం బొట్టు పెట్టేసె. పండగ చేసుకున్న గడియారం, ఎవురు తుడుస్తారు? దేవుని తోడు, అంత తెలివి!

తూముకాడ ఊరంతా చేరినాది. మా నాయన కీ తిప్పి ఇచ్చినాడు. ముందు నిలబడిన రైతు రంగన్న చెవుకాడ పెట్టుకున్యాడు. రొంత నొసలు ముడుచుకుని, 'పలుకుతాండాది' అన్యాడు. ఇంగొకాయన మా నాయన మొగం చూసి, 'ఆఁ, పలుకుతాండాది.' అందరికీ తెలుస్తాండాది మే! పాతది ఎద్దు నడిచినట్ల పలికేది, ఇది కోడిపిల్ల గింజలేరినట్ల చికచికమంటాండాది. అయినా ఎవురికీ నోరు రాలే, మా నాయనంటే మర్యాద. ఓబుళేశు వంతొచ్చె. పెట్టుకున్యాడు. ఈ చెవు, ఆ చెవు, మల్ల ఈ చెవు. 'పలుకుతాండాదిలేప్పా. ఎందుకు పలకదు, బాగానే పలుకుతాండాది. కానీ ఇది మీ నాయన గొంతు కాదే! ఈ ముండ్లేంది, ఎలక మీసాలు? ఎనక మూత ఇప్పు సూస్తాం' అన్యాడు. మా నాయనకు అబద్ధం రాదు. తలకాయ దించుకున్యాడు. అయిపోయినాది, పెద్దరికం పాయె అనుకుంటి.

అప్పుడొచ్చింది మా వదిన, మజ్జిగ కడవ నెత్తిన పెట్టుకోని. ఆడోళ్లు వంతుకాడికి రారు, గట్టు మీద కడవ దించి పోతారు. ఈమె కడవ దించి, గట్టు దిగి, నేరుగా నడిమధ్యకు వచ్చె. 'ఇప్పేది ఎందుకు ఓబుళేశన్నా, నేనే చెప్తా. లోపల మిషను నాది. కమలాపురంది' అనింది. ఓబుళేశు తొడకొట్టినంత పనిచేసి, 'ఇన్నారా? ఇన్నారా? కట్టుబాటేమి, ఆ ఇంటి గడియారం పలకాల. ఇది ఆ ఇంటిది కాదు, కమలాపురంది. చెల్లదు!' అన్యాడు. మా వదిన కొంగు నడుముకు చెక్కి, 'సరే అన్నా. నన్ను చూడు. నేను యాడిదాన్ని?' అనింది. 'నువ్వు లక్షణంగా ఈ ఇంటి కోడలివమ్మా.' 'పుట్టింది కమలాపురంలో గదా?' 'పుట్టిందెక్కడైతేనేం, పెండ్లయినాంక ఈ ఇంటిదానివే.' 'అంటే, ఇల్లు మారిన మనిషి చెల్లుతాది. కేసు మారిన మిషను చెల్లదా? మీ ఇంట్లో ముగ్గురు కోడండ్లుండారే, ఒకరు ప్రొద్దుటూరు, ఒకరు ఆత్మకూరు, ఒకరు నంద్యాల. మిషను చెల్లదంటే ముందు వాళ్లకు బండి కట్టు, పంపిచ్చేసి రా, తర్వాత ఈ గడియారం సంగతి మాట్లాడదాం' అనె!

ఆ నవ్వు మే! గట్టు అదిరిపాయె. గట్టు మీద దూరంగా నిలబడిన ఆఖరు కయ్య గిడ్డమ్మ, ఎప్పుడూ నీళ్లందక ఏడ్చే మనిషి, పగలబడి నవ్వి, 'ఓబుళేశూ, పంపియ్యప్పా పంపియ్యి, రేపట్నించి సంగటి నువ్వే కెలుక్కో' అనింది. ఓబుళేశుకు మొగం ఎర్రగయినాది. కానీ తగ్గే రకం కాదు. ఆఖరి రాయి ఇసిరినాడు. 'సరేనమ్మా, మిషను చెల్లిందనే అనుకుందాం. అయితే మిషను ఎవురిదో వాళ్లే తూముకాడ నిలబడాల. ఎండలో, మగోళ్ల నడుమ, దినమంతా. నిలబడతావా?' అన్యాడు. పెద్దింటి కోడలు యాడ నిలబడతాదిలే అని ఆయప్ప ధీమా. మా వదిన మా నాయన దిక్కు తిరిగి, 'ఏం మామా?' అనింది. మా నాయన గొలుసు తీసి ఆమె చేతికిచ్చి, గిర్రున తిరిగి గట్టు ఎక్కిపాయె. కోపమేమో అనుకుంటిమి. పోయి గొడుగు తీసుకోనొచ్చినాడు!

ఆ దినం నించి ఆయమ్మే మే, వంతు పెద్ద. ఏండ్ల తరబడి. గిడ్డమ్మ కయ్యకు నిండుగా నీళ్లు పారింది అప్పుడే. ముందు ఎగవ కయ్యలోళ్లు ముల్లు ఇంకా దాటలేదంటా మా నాయనను మాటల్లో పెట్టి రొంత రొంత లాగేసుకునేవాళ్లు. మా వదినను మాటల్లో పెట్టేదెవురు? అప్పుడప్పుడూ మా నాయన కడపకు పోదాం, నీకు కొత్త చేతి గడియారం కొనిస్తా రా అమ్మా అనేది. 'నాకెందుకు మామా, ఊరంతా టైము నన్నడుగుతాంటే' అనేది.

ఓబుళేశా? పగ పెట్టుకుంటాడనుకుంటిమి. ఆయప్ప తిక్కే తిక్క. చేతికి కొత్త గడియారం ఉండాదా, దాన్ని చొక్కా కిందికి నూక్కోని పొద్దున్నే వచ్చి, 'టైమెంతమ్మా?' అనేది. 'చేతికుండాది గదా అన్నా' అంటే, 'ఇది ఇంటి టైము. కాలవ టైము నీకాడ గదా ఉండేది' అనేది. రోజూ అదే మాట, రోజూ ఇద్దరూ నవ్వేది. కాలవ ఎండిపోయినప్పుడు గూడా ఇంటికొచ్చి అడిగిపోయేది.

ఆయమ్మ పోయిన దినం ఊరంతా వచ్చిండె. ఓబుళేశు చివరాఖర్న వచ్చినాడు. వాకిట్లో, అరుగు మీద, నా పక్కన కూర్చున్యాడు. నా దిక్కు చూడకుండానే, 'టైమెంతప్పా నారాయణా?' అన్యాడు. చేతికి గడియారం ఉండాది. దాని దిక్కు చూడనే లేదు. నేను...

మ్మే, ఆ పిల్లి పాలకాడికి పోతాండాది చూడు. లెయ్యి, లెయ్యి, అదిలిచ్చు.