వెర్లిన్ బాబాయ్ నడుములో ఫిరంగి

“చిన్న పిస్తోలు జోలికి పోకమ్మాయ్, నా మాట విను. దాంతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అలాగని దాంతో నేనేం చెయ్యలేదనుకునేవు. మా వాకిట్లో మెట్ల మీద గిలకపాము చుట్టలు చుట్టుకుని పడుకుంటే, ఎడంచేత్తో కాఫీ కప్పు పట్టుకుని కుడిచేత్తో దాని తల ఎగరగొట్టాను. కప్పులో కాఫీ తొణికితే ఒట్టు.”

టెక్సస్‌లో ఆ చుట్టుపక్కల గాలిమరలు బాగుచేసి బాగుచేసి రిటైరయినవాడు వెర్లిన్. గాలి ఆగితే మరలన్నా ఆగుతాయి గానీ ఆయన నోరు ఆగదని ఊళ్ళో అంటారు. శనివారం పొద్దున్నే గార్లండ్ తుపాకుల కొట్లో, కాఫీ కాగే మూల కుర్చీ లాక్కుని కూర్చున్నాడంటే, వినడానికి దాణా కొట్టు డోయల్ ఎలాగూ ఉంటాడు. ఆ రోజు వెర్లిన్ అన్న కూతురు నెల్డా కూడా ఉంది.

నెల్డాది బట్టలుతుక్కునే లాండ్రీ. ఈ నెలలో రెండుసార్లు ఎవడో ఆమె కొట్టుకి తాళం వేసి కారెక్కేదాకా వెనకే వచ్చాడు. షెరిఫ్ మనుషులు వచ్చి చూసి, జాగ్రత్త అని చెప్పి వెళ్ళారు. సోమవారం మళ్ళీ ఒక్కతే తాళం వెయ్యాలి. అందుకే ఒంటిమీద కనపడకుండా పెట్టుకునే పిస్తోలు కోసం వచ్చింది. అద్దాల బల్ల మీద గార్లండ్ ఒక చిన్నదీ ఒక పెద్దదీ పెట్టి, చిన్నది ఇట్టే దాగుతుంది కానీ దెబ్బ తక్కువనీ, పెద్దదాని దెబ్బ గట్టిదే కానీ దాగదనీ చెబుతున్నాడు. ఇంతలో వెర్లిన్ వచ్చాడు. “నాకు భయంగా ఉంది బాబాయ్. ఏది తీసుకోమంటావు?” అని నెల్డా అడగడమే ఆలస్యం, ఆయన అందుకున్నాడు.

“పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అది పిస్తోళ్ళకి చెల్లదు. ఆ చిన్నది ఎంత చిన్నదో తెలుసా? చొక్కా జేబులో పొగాకు పొట్లం వెనక పెట్టుకుని నేనే మర్చిపోయేవాణ్ణి. మీ పిన్ని చొక్కాతో పాటు దాన్నీ ఉతికి ఆరేసింది. సరే, దాన్నే వేసుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళానా, ఎదురుగా అడవిపంది. నుదుటి మీద కాల్చాను. చీమ కుట్టినట్టైనా లేదు దానికి. వరసగా అన్నీ కాల్చాను. అది నిలబడి నాకేసి చూసి ఒక్క తుమ్ము తుమ్మింది, తూటాలన్నీ జలజలా నా బూట్ల ముందు రాలాయి. ఏరుకుని జేబులో వేసుకుని పరుగు లంకించుకున్నాను.”

“పంది తరుముతుంటే ఏరుకుంటూ కూర్చున్నావా?” అన్నాడు డోయల్.

“మందుగుండు ధర తెలియకేం మాట్లాడతావురా? ఏరుకుని, మెస్కీట్ చెట్టెక్కి కూర్చున్నాను.”

“మెస్కీట్ కొమ్మ నీ బరువు ఆపుతుందా?”

“భయపడ్డవాడికి బరువుండదు. నువ్వు నోరు మూసుకుని కాఫీ తాగు. ఇక చూడమ్మాయ్, మర్నాడే చిన్నది అవతల పారేసి ఫార్టీ ఫైవ్ పిస్తోలు కొన్నాను. ఆహా, తూటా చూస్తే బొటనవేలంత. దెబ్బకి తిరుగులేదు. కానీ దాగదే. చొక్కా బయటికి వేసినా నడుం పక్కన ఇంత బుడిపె. ఆదివారం చర్చికి వెళితే పాస్టరు నన్ను పక్కకి పిలిచి, ‘ఆ గడ్డ ఎప్పట్నుంచి వెర్లిన్?’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనేం చెప్పను? దాచుకుని తిరిగేదాని గురించి ఒకరికి చెబితే అది దాచుకోవడం ఎలా అవుతుంది? తల వంచుకున్నాను. ఊరు ఊరంతా నా గడ్డ తగ్గాలని మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోగిష్టి ఇంటికి ఆడవాళ్ళు కూరలు వండి పట్టుకొస్తారుగా, మా వాకిట్లో వాళ్ళ కార్లు బారులు తీరాయి. కోడిమాంసం, బీన్సు, పెకాన్ పప్పుల తీపి పై, ఏది కావాలంటే అది. తిని తిని నిజంగానే పొట్ట పెరిగింది. ఆ పొట్ట పక్కన పిస్తోలు కనపడ్డం మానేసింది. ప్రార్థన ఫలించిందని పాస్టరు ఇప్పటికీ నా పేరు చెప్పుకుంటాడు.”

నెల్డా నవ్వింది. నవ్వుతూనే అంది, “ఇంతకీ అదే తీసుకోమంటావా?”

“ఆగాగు, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. దెబ్బలో రాజీ పడకూడదని నాకు పట్టుదల. ఆబిలీన్‌లో ఒక ముసలి పనివాడి దగ్గరికి వెళ్ళి, నా కొలతలిచ్చి, రివాల్వర్ చేయించాను. తూటా అంటే తూటా కాదు, మొక్కజొన్న పొత్తు. దాన్ని నడుముకి పెట్టుకున్న రోజున నేరుగా నడుద్దామంటే కుదిరితేనా, అటుపక్కకి లాగేసి, పోస్టాఫీసుకి బయల్దేరినవాణ్ణి చుట్టూ తిరిగి మా ఇంటికే వచ్చాను. అందుకని గొట్టం ప్యాంటు కాలిలోకి దింపేశాను. మోకాలు వంగదు. బ్యాంకులో ముసలావిడ పాపం కొయ్యకాలనుకుని లేచి కుర్చీ ఇచ్చింది.”

“వంగని కాలుతో కూర్చున్నావా?”

“ఇచ్చిన కుర్చీని కాదంటే మర్యాదా డోయల్? సరే, ఏటి ఒడ్డుకి మళ్ళీ వెళ్ళాను. ఈసారి వచ్చింది ఆ పంది కాదు, దాని తాత. పశువుల ట్రైలరంత ఉంది. కోరల మధ్య గుర్రం పట్టేటంత సందు. నా పై ప్రాణాలు పైనే పోయాయి అనుకున్నారా? నవ్వాను. ప్యాంటులోంచి గొట్టం లాగేసరికే అది సగం బక్కచిక్కింది. ఒక్కటంటే ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కాను. ఆ మోతకి అవతల దొడ్లో ఆవులు పాలకి బదులు వెన్న ఇచ్చాయి. ఏళ్ళ తరబడి ఆగిపోయిన కోర్టు గడియారం కదిలింది. పంది తోలు ఉన్నచోటే నిలబడి ఉంది, లోపల మాత్రం పంది లేదు. మాంసమంతా ఆ వేడికి ఉడికిపోయి, పెకాన్ చెట్ల కొమ్మలకి ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది, ఉప్పొక్కటే తక్కువ.”

“మరి నువ్వో?” అన్నాడు గార్లండ్, అద్దం తుడుస్తూ.

“నేనెక్కడున్నాను, ఆ తన్నుకి వెనక్కి లేచిపోయాను. చెరువులు దాటాను, పొలాలు దాటాను, రెడ్ రివర్ దాటాను. ఓక్లహోమాలో మా మరదలి పెరట్లో దిగాను. సరిగ్గా భోజనాల వేళ. ‘ఫోన్ చేసి రావచ్చుగా బావా’ అని విసుక్కుంటూనే కంచం పెట్టింది. పెట్రోలు ఖర్చు లేకుండా అత్తవారి వైపు వాళ్ళని చూసొచ్చినవాడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. అదలా ఉంచు, ఆ తూటా ఏమైందో తెలుసా? పందిని దాటి, కొండ దాటి, సముద్రం దాటి అలా పోతూనే ఉంది. ఏటా వసంతంలో ఒకసారి భూమి చుట్టొచ్చి మా ఇంటి మీదుగా పోతుంది. నేను వాకిట్లోకి వచ్చి టోపీ తీస్తాను.”

“టోపీ గౌరవానికా?”

“తీయకపోతే పోతుందిరా, టోపీ.”

డోయల్ కాఫీ పొలమారి దగ్గాడు. వెర్లిన్ కుర్చీలో వెనక్కి వాలి, చొక్కా మీదుగా నడుం పక్కనున్న ఎత్తుని తట్టాడు.

“అందుకని చెబుతున్నా నెల్డా. గార్లండ్ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది తీసుకో. బరువా, మోయాలి. గుచ్చుకుంటుందా, ఓర్చుకోవాలి. నేను ఆ రోజునుంచీ ఇవాళ్టిదాకా నా ఫిరంగి లేకుండా గడప దాటలేదు. నిద్రలోనూ ఇక్కడే, స్నానంలోనూ ఇక్కడే. ఇదిగో ఇప్పుడూ ఇక్కడే.”

“ఏదీ, చూపించు బాబాయ్,” అంది నెల్డా.

గార్లండ్ అద్దం తుడవడం ఆపాడు. ఆ ఊళ్ళో ఒక మనిషిని నీకెన్ని ఆవులున్నాయని అడగరు, నడుముకి ఏం పెట్టుకున్నావనీ అడగరు. అడగరు కాబట్టే వెర్లిన్ అన్నేళ్ళుగా నిశ్చింతగా ఉన్నాడు. డోయల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

“అలా అడక్కూడదమ్మా,” అన్నాడు వెర్లిన్ మెల్లగా. “పైగా కొట్లో తియ్యడం గార్లండ్‌కి ఇష్టముండదు.”

“తియ్యొద్దు. చొక్కా అంచు ఎత్తు చాలు. మర్యాద కాదని నాకూ తెలుసు బాబాయ్. కానీ సోమవారం తాళం వేసేది నేను. నీ మాట నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోవాలో వద్దో నాకు తెలియాలి.”

వెర్లిన్ చొక్కా అంచు పైకెత్తాడు. నడుముకి మంచి తోలు ఒర ఉంది. ఒరలో, గట్టిగా చుట్టి కుక్కిన పాత పనిగ్లౌజుల జత ఉంది.

“అంటే,” అన్నాడు వెర్లిన్, “కూర్చుంటే పక్కటెముకలో గుచ్చుకుంటోందని, ఈ ఒక్క రోజుకీ ఇంట్లో బీరువాలో పెట్టొచ్చాను.”

“గ్లౌజుల మీద ఒర ముద్ర పడిపోయిందే,” అన్నాడు డోయల్.

నెల్డా నవ్వలేదు. “బాబాయ్, నా వెనక వచ్చేవాడు నువ్వు ఇంటికెళ్ళి బీరువా తెరిచి వచ్చేదాకా ఆగుతాడా?”

వెర్లిన్ కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. నెల్డా లేచి నిలబడి, తన వదులు చొక్కా అంచు ఎత్తింది. నడుముకి ఒర ఉంది, ఒరలో బల్ల మీదున్న ఆ రెంటికీ మధ్య సైజు నైన్ ఎమ్ఎమ్ పిస్తోలు ఉంది.

“నువ్వు రాకముందే గార్లండ్ ఖాళీది ఇచ్చి, పెట్టుకుని చూడమన్నాడు. నడిచాను, వంగాను, నీ కథ మొత్తం అయ్యేదాకా ఈ చెక్క కుర్చీలో కూర్చున్నాను. ఎక్కడా గుచ్చుకోలేదు. ఎదురుగా కూర్చున్న నీకే కనపడలేదు.”

“దెబ్బో?” అన్నాడు వెర్లిన్, పట్టు వదలకుండా.

గార్లండ్ చెప్పాడు, “నువ్వు రాకముందే కొట్టు వెనకాల పేపరు ప్లేటు పెట్టి దీంతో కాల్పించాను. ఒక్క తూటా కూడా గురి తప్పి ప్లేటు పక్కకి పోలేదు. ఆ పెద్దదిస్తే రెండోసారికే చెయ్యి వణికి, అన్నీ మట్టిగోడలోకి పోయాయి.”

“మరి ఇంతసేపూ ఏది తీసుకోమంటావని నన్నెందుకు అడిగావే?”

“నీ కథ అయ్యేదాకా దీన్ని మోయగలనో లేదో చూసుకుందామని. నీ కథ మోసినదాన్ని, ఇక ఎంతసేపైనా మోస్తాను.” నెల్డా చొక్కా అంచు దించి సర్దుకుని, గార్లండ్ వైపు తిరిగింది. “పెట్టె వద్దు గార్లండ్. ఇలాగే పెట్టుకుని పోతాను.”