నాలుగు వందల పద్దెనిమిది గడియారాలు సరిదిద్దిన చేతికి

1983 నవంబరు పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, ఇరవై రెండేళ్ళ ప్రాయంలో, ఒక తోలుసంచిని, ఒక రీడింగుల పుస్తకాన్ని, ఒక బూడిదరంగు గుర్రాన్ని సంతకం చేసి స్వీకరించి, మా కెంగ్-బులక్ పట్టణ విద్యుత్ కార్యాలయంలో మీటరు రీడరుగా ఉద్యోగప్రవేశం చేసిన శ్రీ ఎసెన్‌తుర్ మామిరోవిచ్ గారు, సరిగ్గా నలభై ఒక్క సంవత్సరాల నిరంతర సేవానంతరం, అదే తేదీన, మీటర్ల విభాగాధిపతి హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ గుర్రానికి అప్పటికే నాలుగేళ్ళ సర్వీసు ఉన్నదని, కనుక ఏ ఇంటి ముందు ఆగాలో, ఏ ఇంటి కుక్కకు దూరంగా జరగాలో నిర్ణయించే అధికారం తొలి రెండేళ్ళూ దానిదేనని వారే స్వయంగా చెప్పుకొంటారు.

సహోద్యోగులు రాయవలసిన ఈ వీడ్కోలు సంచికలో ఒక గృహిణి కలం పట్టడమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. నా పేరు పెరిజాత్. ఎగువ వీధి నివాసిని. భౌతికశాస్త్రంలో పట్టభద్రురాలిని, ఆ పట్టాను ఇరవై ఏడేళ్ళుగా పిండి పులియబెట్టడానికి వినియోగిస్తున్నదానిని. కొత్త మీటర్ల ప్రయోగం జరిగిన ఏడాదిలో గృహ వినియోగదారుల ప్రతినిధిగా ప్రతి మంగళవారం ఈ కార్యాలయపు సమావేశాల్లో కూర్చున్నాను. జీతం ఇవ్వలేదు గానీ కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీ ఇచ్చిన ధైర్యంతో నన్ను నేను సహోద్యోగినిగా లెక్కించుకొని ఈ నాలుగు మాటలు సమర్పించుకొంటున్నాను.

గుర్రం మీద తిరిగిన తొలి దశాబ్దంలో వారు సంపాదించినవి రెండు: పట్టణంలోని ప్రతి ఇంటి కుక్కతో స్నేహం, ప్రతి ఇంటి మీటరుతో ముఖపరిచయం. తరువాతి దశాబ్దం కష్టకాలం. జీతాలు నెలల తరబడి అందని ఆ రోజుల్లో, కరెంటు వచ్చే కొద్ది గంటల్లోనూ మీటరు చక్రం తిరగకుండా చూసుకోవడం పట్టణమంతటా ఒక గృహపరిశ్రమగా వర్ధిల్లింది. ఆ పరిశ్రమలో నా వంతు పాత్రను ఇక్కడ అంగీకరిస్తున్నాను. గడువు తీరిపోయింది గనుక కేసు పెట్టరాదని విచారించి తెలుసుకొన్నాకే రాస్తున్నాను.

1997 శరత్కాలం. నేను ఎగువ వీధి ఇంటికి కోడలిగా వచ్చి మూడు నెలలు. ఎసెన్‌తుర్ మామిరోవిచ్ గారు రీడింగుకు వస్తున్నారని కుక్క మౌనాన్ని బట్టి గ్రహించి, మీటరు మీద ఉన్న అయస్కాంతాన్ని ఊడబెరికి బల్ల మీది చక్కెర డబ్బాలో దాచాను. వారు కూర్చున్నారు. టీ అడిగారు. చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టారు. అది మెల్లగా జరిగి, జరిగి, టక్కున చక్కెర డబ్బాకు అతుక్కొంది. వారు దానిని చూశారు. నన్ను చూశారు. టీలో చక్కెర వేసుకోకుండానే తాగేసి లేచారు.

"బైకె, మీ స్క్రూడ్రైవర్!" అన్నాను, అన్నగారిని పిలిచే ఆ పిలుపులోకి తెచ్చుకోగలిగినంత మర్యాద తెచ్చుకొని.

"ఉండనీ, కోడలు పిల్లా. ఎప్పుడో వచ్చి తీసుకుంటాలే. అప్పటికి ఊడుతుందనుకుంటా."

దండన లేదు, ఫిర్యాదు లేదు. ఆ సాయంత్రమే అయస్కాంతాన్ని బావి పక్క పాతిపెట్టాను. స్క్రూడ్రైవర్ కోసం వారు మళ్ళీ రాలేదు.

2009లో విభాగాధిపతి అయ్యారు. ఇక వారి ఉద్యోగపర్వంలో పతాకఘట్టం. 2023 నవంబరులో ఎగువ, దిగువ వీధుల్లోని నాలుగు వందల పద్దెనిమిది ఇళ్ళకు, వీధి స్తంభాల మీద తాళం వేసిన పెట్టెల్లో, గంట గంటకూ వాడకాన్ని రాజధానికి చేరవేసే స్మార్ట్ మీటర్లు బిగించారు. సాయంత్రం ఐదు నుండి తొమ్మిది వరకు యూనిట్ ధర మూడింతలు. మిగిలిన వేళల్లో మునుపటికంటె చౌక. ఏడాది ప్రయోగం ఫలిస్తే ఈ పద్ధతి కొనసాగుతుంది. విఫలమైతే చౌక గంటలు పోయి రోజంతటికీ ఒకే హెచ్చుధర వస్తుంది. బడి హాలులో ఈ సంగతి వివరించడానికి వారు నిలబడినప్పుడు, ఎనభై నాలుగేళ్ళ అనిపా అవ్వ ముందువరుసలోంచి లేచింది.

"ఒరే ఎసెన్‌తుర్, నాకున్నది ఒక్క గది. పగలు వేడెక్కి సాయంత్రం వేడినిచ్చే ఇటుకల హీటరు ఒక్కటే దిక్కు. నీ మాట నమ్మి ఐదింటిలోపు కాచుకుంటే ఈ చలికాలం గడుస్తుందా?"

"గడుస్తుందవ్వా. నాది పూచీ."

ఆ పూచీ విలువ ఆనాడు మాకు తెలియలేదు. బహుశా వారికీ పూర్తిగా తెలిసి ఉండదు.

శీతాకాలమంతా మా వీధుల స్త్రీలు సైనిక క్రమశిక్షణతో ప్రవర్తించారు. బట్టలుతకడం, నీళ్ళు కాచడం, ఇస్త్రీ చేయడం, సమస్తం ఐదింటి లోపలే. గురువారాల్లో పోయిన పెద్దలకు వాసన చేరేలా నూనెలో వేయించే ఏడు రొట్టెలు కూడా నాలుగింటికల్లా కరెంటు పొయ్యి మీది మూకుడెక్కాయి. మార్చి వరకు బిల్లులు ముద్దొచ్చాయి. ఏప్రిల్ బిల్లు మాత్రం మొహాన కొట్టినట్టు వచ్చింది. అనిపా అవ్వ హీటరు ఆపేసి, గొర్రెతోలు కోటు పొస్తీను కప్పుకొని కూర్చుంది.

మే నెల రెండో మంగళవారం సమావేశానికి రాజధాని నుండి కనిమెత్ అనే ఇంజనీరు రంగురంగుల గ్రాఫులతో వచ్చాడు. చదువుకొన్నవాడు, మర్యాదస్తుడు, అతని తప్పల్లా గ్రాఫును నమ్మడమే.

"ఎసెన్‌తుర్ మామిరోవిచ్, ఇది చూడండి. ప్రతి గురువారం ఐదు కొట్టగానే ఇంత కొండ లేస్తోంది. మీ ఊళ్ళో దొంగచాటుగా కార్ఖానా ఏమన్నా నడుస్తోందా?"

"నడుస్తోంది. నాలుగు వందల పద్దెనిమిది వంటిళ్ళలో. ఏడు రొట్టెలు. మీ అమ్మ వేయించదా గురువారం?"

కనిమెత్ చెవులు ఎర్రబడ్డాయి. "వేయిస్తుంది. నాకు తట్టలేదు."

"అమ్మకు ఫోన్ చేసి చెప్పు, తట్టలేదని."

"సరే, రొట్టెలే అనుకుందాం. ఐదు దాటాకే కదా వేయిస్తున్నారు? అందుకే రిపోర్టులో ఒక్క వాక్యం రాశాం: గృహిణులు నిర్ణీత వేళలు పాటించడం లేదు. మీరు సంతకం పెడితే చాలు."

నేను కుర్చీ ముందుకు జరుపుకొన్నాను. "నాలుగింటికి వేయిస్తాం తమ్ముడూ. ఐదింటికి మూకుళ్ళు కడుక్కుంటూ ఉంటాం."

"మీటరు అబద్ధం చెప్పదక్కా."

"మరి నేను చెబుతానా?"

"అయ్యో, నేనలా అనలేదు."

"అన్నావు. నోటితో కాదు, గ్రాఫుతో అన్నావు."

ఎసెన్‌తుర్ మామిరోవిచ్ గారు ఇవేవీ వినడం లేదు. మార్చి కాగితాలు తెప్పించి, ఏప్రిల్ కాగితాల పక్కన పరిచారు. మార్చి ఇరవై ఎనిమిది గురువారం దాకా కొండ నాలుగింటికే ఉంది. ఏప్రిల్ నాలుగు నుండి ఐదింటికి జరిగింది. అన్ని ఇళ్ళలోనూ, ఒకే వారంలో.

"ఒక ఆడమనిషి నాతో అబద్ధమాడొచ్చు," అని వారు నా వైపు చూడనట్టే చూశారు. "కానీ ఇన్ని ఇళ్ళ పోయిన పెద్దలు, కూడబలుక్కుని, ఒకే గురువారం నుంచి గంట ఆలస్యంగా రొట్టెలకు రారు. కనిమెత్, లే. నిచ్చెన పట్టుకో."

అనిపా అవ్వ ఇంటి ముందు స్తంభం ఎక్కి పెట్టె తాళం తీశారు. వారి చేతి గడియారంలో రెండూ ఇరవై. మీటరు గడియారంలో మూడూ ఇరవై.

"అవ్వా, నీ మీటరు నీకంటే గంట ముందుంది!" అని పైనుండి కేకేశారు.

"దాని వయసు ఆరునెలలు," అంది అవ్వ గుమ్మంలోంచి. "తొందర ఉంటుంది."

జరిగినది ఇది. వసంతంలో గడియారాన్ని గంట ముందుకు తిప్పుకొనే అలవాటును మన దేశం ఎన్నడో వదిలేసింది. ఆ మీటర్లను తయారుచేసిన చోట వదలలేదు. మార్చి ఆఖరి ఆదివారం మేమందరం ఉన్న గంటలోనే ఉండగా, మీటర్లన్నీ తమంతట తాము గంట ముందుకు దూకాయి. మేము నాలుగనుకొని హడావిడిగా ముగించుకొన్న పనంతా వాటి దృష్టిలో ఐదు దాటినదే. బదులుగా రాత్రి ఎనిమిది తరువాత ఒక గంట చౌకగా దొరికింది గానీ, తెలియని చౌకను ఎవరు వాడుకొంటారు?

రాజధాని పెద్దలు తప్పును ఒప్పుకొన్నారు. దిద్దడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ అమరిక దూరం నుండి మారదట. ఒక్కొక్క మీటరు సీలు విప్పి, దగ్గరుండి మార్చాలట. స్పీకరులో పెట్టిన ఫోనులో ఆ సలహా మేమందరం విన్నాం.

"ఎందుకండీ ఇంత శ్రమ? అక్టోబరు ఆఖరి ఆదివారం అవే గంట వెనక్కొచ్చి సరిపోతాయి. మీరు ఈ నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు కూడా. సంతకం పెట్టి హాయిగా ఇంటికెళ్ళండి. పతకానికి పేరు పంపించాం."

"మార్చిలో మళ్ళీ దూకుతాయి. అప్పటికి నేను ఇంట్లో ఉంటాను. మీరు మళ్ళీ కొండను చూసి, మళ్ళీ ఆడవాళ్ళదే తప్పని రాస్తారు. నేను సంతకం పెట్టను."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే రిటైర్ అవను."

మరునాడే పదవీ విరమణ దరఖాస్తును ఉపసంహరించుకొన్నారు. చాలా వాదన తరువాత రాజధాని ఒక గడువు ఇచ్చింది: అక్టోబరు ఆఖరి ఆదివారం లోపల అన్ని మీటర్లూ సరిచేస్తే ప్రయోగ ఫలితాన్ని అసలు వేళల ప్రకారం తిరిగి లెక్కిస్తారు, ఒక్కటి మిగిలినా మునుపటి వాక్యమే ఖాయం, చౌక గంటలు రద్దు. సీలు విప్పి, తిరిగి వేసే పటకారు ఈ కార్యాలయంలో ఒక్కరి చేతికే అధికారికంగా ఇవ్వబడి ఉంది. ఆ చేతికి అరవై మూడేళ్ళు. ఆ మనిషి ఎడమ మోకాలికి అంతకంటె ఎక్కువ.

అలా జూన్ మూడు నుండి, కార్యాలయపు రోజువారీ పనిని ఏమాత్రం కుంటుపడనీయక, దినానికి మూడో నాలుగో స్తంభాల చొప్పున, ఎండలో, దుమ్ములో, సెప్టెంబరు చివర మొదలైన మంచులో, వారు నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ప్రతి ఇంటి ఇల్లాలినీ కింద నిలబెట్టి, గడియారం చూపించి, ఆమె సంతకం తీసుకొన్నాకే సీలు వేశారు. వారి సతీమణి కెంజెకాన్ అక్క ఒకరోజు నిచ్చెన కాలు పట్టుకొని నిలబడి అన్న మాటను వీధి ఇప్పటికీ తలుచుకొంటుంది.

"నలభై ఏళ్ళ కాపురంలో మన కప్పు కారుతోందంటే ఒక్కసారి ఎక్కిన పాపాన పోలేదు. ఊరందరి స్తంభాలూ ఎక్కుతున్నాడు మహానుభావుడు!"

"మన కప్పుకి గడువు లేదే," అన్నారు వారు పైనుండి.

ఆగస్టులో మోకాలు వాచి తొమ్మిది రోజులు మంచం పట్టారు. పదవ రోజున అనిపా అవ్వ ఒక గిన్నెడు గొర్రెకొవ్వు తీసుకొని వారింటికి వెళ్ళింది. "పూచీ వద్దురా, వదిలేశాను. పొస్తీను ఉందిగా," అంది. వారు ఆ కొవ్వు మోకాలికి రాసుకొని, పదకొండవ రోజున దిగువ వీధిలో కనిపించారు. అవ్వ వదిలేయడమే వారిని మంచం మీదినుండి లేపిందని నా అభిప్రాయం.

అక్టోబరు ఇరవై నాలుగు, గురువారం. నాలుగు వందల పద్దెనిమిదవ మీటరు మాది.

"మాది ఆఖరుకు ఎందుకు ఉంచారు బైకె?"

"మీ మీటరంటే నాకు పాత అనుమానం."

స్తంభం మీద కాసేపు కుస్తీ పట్టి, కిందికి వంగారు. పెట్టె మరమేకు తుప్పుపట్టిందట. తెచ్చిన స్క్రూడ్రైవర్ మొన వంగిపోయిందట. "ఇంట్లో ఏమన్నా ఉందా కోడలు పిల్లా?"

నేను లోపలికి వెళ్ళి, చక్కెర డబ్బాలు పెట్టే అర వెనుక చేయిపెట్టి, ఇరవై ఏడేళ్ళుగా అక్కడే ఉన్న చెక్కపిడి స్క్రూడ్రైవర్ తెచ్చి నిచ్చెన రెండు మెట్లు ఎక్కి అందించాను. వారు దానిని తిప్పి చూశారు. పిడి మీద గీకిన తమ పేరు మొదటి అక్షరాన్ని బొటనవేలితో తడిమారు.

"ఊడిందన్నమాట," అన్నారు.

పది నిమిషాల్లో గడియారం సరైంది. నేను సంతకం పెట్టాను. అప్పుడు సరిగ్గా నాలుగైంది. నా గడియారంలోనూ, మీటరులోనూ. మూడు రోజుల తరువాత వచ్చిన ఆ ఆదివారం మా పట్టణంలో ఏమీ జరగలేదు. ఏ మీటరూ కదలలేదు. నలభై ఒక్క ఏళ్ళ సేవలో వారు సాధించిన మహత్కార్యం ఏదని ఎవరైనా అడిగితే, ఆ ఏమీ జరగకపోవడమేనని నేను సమాధానమిస్తాను.

ముప్పై ఒకటవ తేదీ గురువారం గ్రాఫును కనిమెత్ స్వయంగా పట్టుకొచ్చాడు. కొండ నాలుగింటికి తిరిగివచ్చింది. రిపోర్టులో ఆ పాత వాక్యం స్థానంలో ఇప్పుడిలా ఉంది: గృహిణులు నిర్ణీత వేళలు పాటించారు, మీటర్లు పాటించలేదు. దాని కింద ఎసెన్‌తుర్ మామిరోవిచ్ గారి సంతకం ఉంది. చౌక గంటలు నిలిచాయి. అనిపా అవ్వ గదిలో హీటరు పగలంతా వేడెక్కుతోంది. పొస్తీను గోడకు వేలాడుతోంది. పతకం ఇంతవరకు రాలేదు. దారిలో ఉందని చెబుతున్నారు.

నేటి సన్మానసభను వారే పట్టుబట్టి మధ్యాహ్నం రెండింటికి పెట్టించారు. తమ పేరిట ఒక్క దీపం కూడా మూడింతల ధరకు వెలగరాదని. పైగా నేడు గురువారం. నాలుగింటికల్లా మేము వంటింట్లో ఉండాలని వారికంటె బాగా ఎరిగినవారు లేరు. వారి శేషజీవితం మోకాలి నొప్పి ఎరుగని ఆరోగ్యంతో, కెంజెకాన్ అక్క చేతి వంటతో, ఎట్టకేలకు కారని కప్పు కింద, సుదీర్ఘంగా, సుఖంగా సాగాలని ఉభయ వీధుల గృహిణుల పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. మేము వేయించే ఏడు రొట్టెలు పోయినవారివి. ఆ వరుసలో చేరడానికి వారు ఏమాత్రం తొందరపడరాదు. ఇంకొక నలభై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా వచ్చినా ఏ గ్రాఫూ వారిని తప్పుపట్టదు. అందుకే నేటి నుండి ప్రతి గురువారం నాలుగింటికి మా మూకుళ్ళలో ఎనిమిదవ రొట్టె ఒకటి పడుతుంది. అది బతికున్న ఆయనది. వేడిగా ఉండగానే వచ్చి తినవలసిందిగా విన్నపం.