పడవ గుర్తు కత్తి

మధ్యాహ్నం, గిరాకీ లేని క్షౌరశాల. దుకాణం యజమాని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఎదుటి కుర్చీలో కూర్చున్నది ఆయన తమ్ముడి కూతురు. పాత మంగలికత్తులు ఎక్కడ పుట్టాయో, ఎవరు చేశారో చూసి చెప్పడం ఆమె వృత్తి.

“...అందుకే రాను. ఇంకోసారి అడక్కు.”

“అడగను. మీ కత్తి ఒక్కసారి చూపించండి పెదనాన్నా, చూసి వెళ్ళిపోతా.”

“చూపించండి? ఈ అండీలు ఎప్పుడు నేర్చావ్? నా భుజాలెక్కి జుట్టు పీకిన పిల్లవి.”

“మీరు మాతో మాట్లాడటం మానేశాక నేర్చుకున్నా.”

“మీతో కాదు. మీ నాన్నతో.”

“మాకు ఆ తేడా తెలియలేదు.”

“...ఎలా ఉన్నాడు?”

“పడుకుని ఉన్నాడు.”

“పోయిన వారం మీ అమ్మ ఫోన్ చేసింది. నొప్పికి తట్టుకోలేకపోతున్నాడు, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి అని.”

“మీరు ఫోన్ పెట్టేశారు.”

“పెట్టేశా. పెట్టేయనా? ‘అన్నయ్యా, మంచి కత్తి నేనే నొక్కేశా’ అని వాణ్ణి ఒక్క మాట అనమను. ఈ క్షణం వస్తా. కాళ్ళకి చెప్పుల్లేకుండా వస్తా.”

“ఇప్పుడు నొప్పి లేదు. కత్తి తియ్యండి.”

“తగ్గిందన్నమాట. అనుకున్నా. చిన్నోడు మొండిఘటం, వాడికేం కాదు. ...తీస్తా ఆగు, తొందరేంటి? ఈ సొరుగులోనే ఎక్కడో... దువ్వెనల కింద... ఇదిగో. చూసుకో. తుప్పు కూడా పట్టింది. పట్టనీ.”

“అయ్యో, ఇలా పడేశారేంటి!”

“నకిలీ సరుకుని నెత్తిన పెట్టుకుంటారా?”

“నకిలీ అని ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పేదేంటి? మీ తాత రెండు కత్తులు ఒకే గుడ్డలో చుట్టి ఇచ్చి కన్నుమూశాడు. రెండింటి మీదా పడవ గుర్తే, ఆ పేరున్న కంపెనీది. ఒకటి అసలుది, ఒకటి దాన్ని చూసి ఎవడో చేసింది. ఏది ఏదో ఆయన చెప్పలేదు. పంచిందెవరు? చిన్నోడు. ‘అన్నయ్యా, ఇది నీకు’ అని నా చేతిలో పెట్టాడు. నేను పిచ్చివాడిలా కళ్ళకద్దుకున్నా.”

“తర్వాత?”

“తర్వాతేముంది! మర్నాడు సానపట్టి, కుర్చీలో కూర్చున్న మనిషి చెంప మీద పెట్టా. వెంట్రుక తెగితేనా! లాగుతోంది. ఆ మనిషి అబ్బా అన్నాడు, చూస్తే రక్తం. పక్క కుర్చీలో చిన్నోడు సబ్బు నురగ తీసినంత సుఖంగా గీసేస్తున్నాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఒకసారి వాడి వైపు, ఒకసారి నా వైపు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?”

“ఎంతసేపు సానపట్టారు?”

“ఎప్పుడూ పట్టేంతసేపే. ఏం, నాకు సాన నేర్పుతావా?”

“లేదు, ఊరికే అడిగా.”

“ఊరికే అడిగిందట! ఇంకోటి విను. ఆ సాయంత్రమే వాణ్ణి అడిగా. ఒరే, నీది నాకిచ్చెయ్, నాది నువ్వు తీసుకో అని. ఏమన్నాడో తెలుసా?”

“ఇవ్వనన్నాడు.”

“ఇవ్వనన్నాడు! సొంత అన్నకి! పైగా ‘నీదే మంచిది అన్నయ్యా, నా మాట విను’ అంటాడు. నాదే మంచిదైతే మార్చుకోడానికి వాడికేం నొప్పి? చెప్పు. కత్తుల జాతకాలు చెప్తావు కదా, చెప్పు.”

“చెప్పడానికే వచ్చా. కిటికీ దగ్గరికి రండి, వెలుతురు కావాలి. ...ఇదిగో, ఇది నాన్నది.”

“వాడి కత్తి! నీ చేతికెలా వచ్చింది? ఒకర్ని ముట్టుకోనిస్తాడా దాన్ని?”

“ఇచ్చాడు.”

“ఇచ్చాడా? చిన్నోడు? కత్తి?”

“ఇచ్చాడు పెదనాన్నా. రెండూ పక్కపక్కన పెట్టండి. భూతద్దం పట్టుకోండి. పడవ బొమ్మ చూడండి, తెరచాప అంచు.”

“రెండూ ఒకటే.”

“సరిగా చూడండి.”

“చూస్తున్నా కదా... నాది కాస్త లోతుగా ఉంది. అంచులు ఉబ్బినట్టున్నాయి. ఏం, పాడైపోయిందా?”

“పాడవలేదు. ఎర్రగా కాలిన ఉక్కు మీద అచ్చు పెట్టి సుత్తితో కొడితే అలాగే ఉబ్బుతుంది. పడవ గుర్తు వాళ్ళు కొట్టేవాళ్ళు. నాన్నదాని మీద బొమ్మ యాసిడ్‌తో తినిపించి చేసింది. గోరు పెట్టి లాగండి, తగలదు.”

“కొడితేనేం, తినిపిస్తేనేం? తెగాలి కదా!”

“పిడి ఊడదీయనా?”

“ఊడదీయి. ఎటూ చచ్చిన కత్తి.”

“...చూడండి, మేకు దగ్గర, పిడి కప్పేసిన చోట. చిన్న గీత, దాని పక్కన చుక్క. కంపెనీ గుర్తు పైకి కనబడేట్టు ఉంటుంది. అలుగుని, అంటే ఈ కోసే రేకుని, గుంటగా అరగదీసిన పనివాడు తన గుర్తు లోపల పెట్టుకునేవాడు. ఈ గీత, ఈ చుక్క పెట్టే మనిషి పని నేను ఇంతకుముందు చూశా. ఇలాంటి చెయ్యి మళ్ళీ దొరకదు.”

“మరి వాడిదాంట్లో?”

“ఏమీ లేదు. మేకులు చూడండి, లావుపాటి ఇత్తడివి. కూరలు తరిగే కత్తులకి వేసేవి. ఎవరో వంటింటి కత్తులు చేసుకునేవాడు, పడవ గుర్తుకి పేరుంది కదా అని మంగలికత్తి ఒకటి చేసి ఆ బొమ్మ వేశాడు.”

“నువ్వు ఊహించి చెప్తున్నావ్.”

“సరే, నాన్న కత్తి వెడల్పు చూడండి. మీదానిలో సగం లేదు.”

“వాడాడు, అరిగింది. నాది సొరుగులో పడుంది, ఎందుకరుగుతుంది?”

“మంచి ఉక్కు అంతలా అరగదు. మేం లేవకముందే లేచి సానపట్టేవాడు నాన్న. మధ్యాహ్నం మళ్ళీ. గిరాకీ ఉంటే అన్నం ముందునుంచి లేచి మళ్ళీ. అమ్మ తిట్టేది, నిన్ను ఆ రాయికే ఇచ్చి చెయ్యాల్సింది అని. మెత్తటి ఉక్కు ఇట్టే పదునెక్కుతుంది, అట్టే పోతుంది. గట్టి ఉక్కుకి ఓపిక కావాలి, పదునెక్కే దాకా మొద్దులా మొరాయిస్తుంది. మీరు మామూలు కత్తికి పట్టినంతసేపే పట్టి...”

“ఆపు.”

“పెదనాన్నా, ఒక్క—”

“ఆపమన్నానా! నువ్వు వాడి కూతురివి, వాడి మాటే మాట్లాడతావ్. గీతలూ చుక్కలూ చూపించి నా నోరు మూయిద్దామని వచ్చావు.”

“సరే, నా మాట వద్దు. ఇనుము అరగదీసే ఆకురాయి ఉందా?”

“ఉంది. దేనికి?”

“మీ చేత్తో మీరే చూసుకోండి. అలుగు మొదట్లో, గీయడానికి పనికిరాని చోట, ఒక్కసారి రుద్దండి. మెత్తటి ఉక్కయితే ఆకురాయి పట్టుకుంటుంది. గట్టిదైతే జారిపోతుంది. ముందు నాన్నది.”

“చిన్నోడి కత్తి మీద ఆకురాయి పెట్టమంటావా? తెలిస్తే చంపేస్తాడు.”

“ఏమీ అనడు. రుద్దండి.”

“...పట్టుకుంది. పొడి రాలుతోంది.”

“ఇప్పుడు మీది.”

“చూద్దాంలే. ఎవరో వస్తున్నట్టున్నారు.”

“ఎవరూ రావట్లేదు. మీది.”

“ఈ ఆకురాయి పాతది అమ్మాయ్, పళ్ళు అరిగి—”

“నాన్నదాన్ని కొరికిందిగా. మీది రుద్దండి.”

“రుద్దుతున్నా. రుద్దుతున్నా...”

“పట్టుకుందా?”

“జారిపోతోంది.”

“ఇంకోసారి.”

“జారిపోతోందమ్మా. గాజు మీద పెట్టినట్టుంది. ఎంత నొక్కినా పట్టుకోవట్లేదు. నువ్వు చూడు ఒకసారి, నా చెయ్యే సరిగా పడట్లేదేమో...”

“మీ చెయ్యి సరిగానే ఉంది.”

“మరి వాడు నాకు చెప్పలేదేం?”

“చెప్పాడు. నీదే మంచిది అన్నయ్యా అని. ఇందాక మీరే అన్నారు.”

“అన్నాడు... అవును, అన్నాడు. మార్చుకోనన్నాడు. మార్చుకుని ఉంటే అసలుది వాడికే వచ్చేది కదే!”

“అందుకే మార్చుకోలేదు.”

“ఓరి దేవుడా! ఆ రేకుముక్క పెట్టుకుని ఇల్లు నడిపాడా వాడు? అన్నం మధ్యలో లేచి సానపడుతూ? నేనేమో వీధిలో ఎదురొస్తే మొహం తిప్పుకున్నా. దొంగ అన్నా. పదిమందిలో అన్నా. నీ పెళ్ళికి... నీ పెళ్ళికి తలుపేసుకుని లోపల కూర్చున్నా అమ్మాయ్. పాటలు ఇక్కడికి వినబడ్డాయి.”

“తెలుసు. నాన్న తన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఎవర్నీ కూర్చోనివ్వలేదు.”

“చెప్పకు. ఇంకేం చెప్పకు. ...నా చెప్పులెక్కడ? ఇక్కడే విడిచా. లే, పద. ఆ పిడి బిగించు. తాళం... తాళం లేకపోతే పోయింది, ఈ దుకాణంలో ఎత్తుకెళ్ళడానికేముంది? వాడికి గడ్డం పెరిగిందా?”

“పెరిగింది.”

“గడ్డం పెరిగితే వాడికి దురద. మీకెవరికీ తెలీదు. మొదటిసారి మూతి మీద నూగు గీసింది నేనే తెలుసా? కితకితలని చెప్పి సగం మూతితో కుర్చీలోంచి దూకి పారిపోయాడు, వీధంతా తరిమి పట్టుకొచ్చా. ఇవాళ నేనే గీస్తా. దీంతోనే. సానరాయి కూడా పట్టుకెళ్దాం. వాడి పక్కనే కూర్చుని పడతా, పదునెక్కే దాకా ఎంతసేపైనా సరే. చూడరా నా ఓపిక అంటా. నవ్వుతాడు. నవ్వుతాడంటావా? తిట్టినా సరే, పడతా.”

“పెదనాన్నా, నువ్వు ఒకసారి ఇలా కూర్చో.”

“నువ్వు అన్నావ్! హమ్మయ్య, ఇప్పుడు దారిలో పడ్డావ్. కూర్చోడం కాదు, మీ అమ్మకి ఫోన్ కొట్టు, నీళ్ళు కాచి పెట్టమను. నేనొస్తున్నానని వాడికి మాత్రం చెప్పొద్దను, నేనే వెళ్ళి లేపుతా. ...ఏంటి, ఫోన్ చెయ్యవేం? ఏడుస్తున్నావేంటే? ఏంటమ్మా, వస్తున్నా కదా!”

“నాన్న పొద్దున పోయాడు పెదనాన్నా. ఊళ్ళో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ‘నేను పోయానంటే అన్నయ్య ఎటూ పరిగెత్తుకొస్తాడు, అలా వద్దు, ముందు కత్తులు చూపించు, నన్ను నమ్మి వస్తానంటేనే తీసుకురా’ అన్నాడు.”