చెయ్యి తగిలితే ఆగాలి

లేవార్డెన్ కోర్టులో విచారణ గది బయట ఒక బెంచీ. పాలు పితికే రోబోలు తయారుచేసే కంపెనీ లాయరు హిస్కె. ఆ రోబోకి ప్రోగ్రాం రాసిన యెల్మెర్.

"మళ్ళీ చెప్పు. జడ్జిగారు అడిగితే ఏమంటావు?"

"ప్రోగ్రాం వస్తువు కాదంటాను."

"ఇంకా?"

"ఉత్త రాత. చేత్తో పట్టుకోలేం. కాబట్టి..."

"కాబట్టి లోపమున్న వస్తువుల చట్టం దానికి వర్తించదు. అక్కడ ఆగిపో."

"కాబట్టి మన రోబో వల్ల దెబ్బతిన్న సీబె బాబాయ్‌కి పరిహారం రాదు."

"అది నువ్వు చెప్పక్కర్లేదు."

"హిస్కె గారూ, హేగ్ పేటెంటాఫీసులో సరిగ్గా దీనికి ఎదురు చెప్పాను కదా."

"అది వేరే."

"ఉత్త ప్రోగ్రాంకి పేటెంటు ఇవ్వం అన్నారు వాళ్ళు. ఇది ఉత్తది కాదు, ఆ ఇనప చేతిని కదిపేదీ ఆపేదీ ఇదే అన్నాను. వీడియో చూపించాను. పొదుగు దగ్గర మనిషి చెయ్యి పెడితే టక్కున ఆగింది. అప్పుడిచ్చారు."

"వేరే అన్నానుగా. ఇక్కడ ఎవరూ అడగరు."

"ఆ తర్వాత, అలా ఆగుతుంటే పాలు తీయడం ఆలస్యమవుతోందని, వెంటనే ఆగకుండా మార్చింది నేనే."

"మెల్లగా. సీబె అక్కడే ఉన్నాడు, కాఫీ మిషన్ దగ్గర."

"తప్పు నాదండీ."

"తప్పెవరిదని కాదిక్కడ. వస్తువా, కాదా, అంతే. అయినా ఎందుకింత ఇదవుతున్నావు? చుట్టమా?"

"కాదు. పక్క పొలం. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అంటాను. ఆయన కొట్టంలో కూర్చునే రాశాను దాన్ని."

"ఓహో."

"వీడియోలో ఉన్న చెయ్యి ఆయనదే."

"ఏ చెయ్యి?"

"కుడిది. ఇప్పుడు వేళ్ళు ముడుచుకోనిది. ఏం కాదు బాబాయ్, పెట్టు అన్నాను. పెట్టాడు."

"ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది యెల్మెర్."

"ఒరేయ్ యెల్మెర్, ఇదుగో కాఫీ."

"నీకెందుకు బాబాయ్ శ్రమ?"

"ఎప్పుడనగా బయల్దేరావో, ఏమీ తిని ఉండవు. బిస్కట్టు కూడా ఉంది, నా జేబులోంచి తీసుకో. లాయరమ్మగారూ, ఏమనుకోకండి, మీకు తేలేకపోయాను. ఒకటే పట్టుకోగలిగాను."

"పర్లేదండీ."

"మరి నీకో, బాబాయ్?"

"నాది మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటాలే. వేడిగా ఉంది, చూసి తాగు."

"...హిస్కె గారూ."

"ఏమిటి?"

"లోపల ముందు నన్నే పిలవమనండి."

"ఏం చెప్తావు?"

"హేగ్‌లో చెప్పిందే."