సగం డిక్షనరీ

"కూసో, రామలింగం. స్టూలు మీద దుమ్ముంటె దులుపుకో. చేతుల ఏందది?"

వరంగల్ చౌరస్తాలో ఇత్తడి సామాను దుకాణం. తండ్రి భోజనానికి ఇంటికి వెళ్లడంతో గల్లాపెట్టె దగ్గర అనసూయ కూర్చుంది. లోపల మొగిలమ్మ బిందెలు ఎంచుకుంటోంది. ఎమ్మెస్సీ దాకా ఆమెతో చదివి, ఆమెతో పాటే కెమిస్ట్రీలో రీసెర్చి సీటు కోసం జర్మన్ నేర్చుకున్న రామలింగం, ఆ జర్మన్ పరీక్ష ఫలితాలు వచ్చిన నాలుగో రోజున మెట్లెక్కాడు.

"నీ డిక్షనరీ అక్కా. ఇచ్చిపోదామని."

"నాది కాదు, మనిద్దరిది. అది నీ దగ్గరున్న సగం. ఎల్ నుంచి జెడ్ దాకా. పరీక్ష అయిపోయి నెల కావస్తాంది, ఇప్పుడు తెచ్చినవ్."

"అమ్మకు బాగలేకుండె."

"ఏ దవాఖాన?"

"కాజీపేట రైల్వే దవాఖాన."

"పరీక్ష నాడు గూడ దవాఖాననేనా?"

"ఆ నాడు... ఆ నాడు ఇంటికాడనే ఉండె."

"ఇంటికాడ ఉంటే నువ్వెందుకు రాలె?"

"చెప్తాన గదక్కా. జర నీళ్లిస్తవా?"

"కుండ నీ ఎనుకనే ఉన్నది, ముంచుకో. తాగుకుంటనే విను. హైద్రాబాద్ పోయి పాత పుస్తకాల దుకాణాలన్ని తిరిగితే ఈ డిక్షనరీ ఒక్కటే దొరికింది. ఇద్దరికి ఒక్కటైతే ఎట్ల అని, బైండింగు కట్టయ్య దగ్గర నడిమికి కోపిచ్చి రెండు అట్టలు ఏపిచ్చినం. కట్టయ్య ఏమన్నడు, యాదికున్నదా?"

"పుస్తకాన్ని కోసుడు నా జన్మల చెయ్యలే అన్నడు."

"ఇంకేమన్నడు?"

"మీరిద్దరు కొట్లాడుకోనన్ని దినాలే ఇది పుస్తకం అన్నడు."

"యాదికున్నది. పరీక్షల డిక్షనరీ చూస్కోనిస్తరు. పక్కపక్కన కూసుందాం, నీ సగం నాకు, నా సగం నీకు అన్నది ఎవరు?"

"నేనే."

"నువ్వు రాలె. నేను ఏ నుంచి కే దాకా పెట్టుకోని కూసున్న. ఎస్ మాట వచ్చినప్పుడల్ల గోడ దిక్కు చూసిన. ఆ జర్మనోళ్లకు ఎస్ మాటలు ఎన్నున్నయో నీకేం తెలుసు."

"ఎన్ని మార్కులు తక్కువైనయక్కా?"

"బోర్డు మీద చూడలేదా?"

"చూసిన. నాలుగు."

"చూసి, నాలుగు దినాలు ఆగి వచ్చినవ్."

"బిడ్డా, ఈ బిందె మంచిదేనా? చిల్లు గిల్లు లేదు గద."

"మోగిచ్చి చూడు, మొగిలమ్మా. పలుకు సాపుగ వస్తే మంచిదే."

"బొంగురుగ పలుకుతాంది."

"అయితే అది పక్కకు పెట్టు. ఆ పక్కది తీసి మోగియ్యి, తొందరేం లేదు. నువ్వు చెప్పు, రామలింగం."

"నాకు రిజిస్ట్రేషన్ అయిందక్కా."

"విన్న. గైడు సారు దగ్గర ఈయేడు ఒక్కటే సీటు. పరీక్ష రాయనోనికి ఎట్ల వచ్చింది?"

"వేరే తొవ్వల."

"ఏ తొవ్వ?"

"నోటుబుక్కు తొవ్వ."

"ఏడాది పొడుగున జర్మన్ వ్యాసాలు ఇంగ్లీషులకు మార్చి, ఆ నోటుబుక్కు జూపెడితే పరీక్ష మాఫీ. అదే గదా? అది ఈయేడు బంద్ పెట్టిన్రని నాతోని చెప్పింది నువ్వే."

"బందయిందనే అనుకున్నక్కా. తర్వాత తెల్సింది."

"ఎప్పుడు తర్వాత?"

"తర్వాత."

"మంచిది. ఎన్ని వ్యాసాలు రాసినవ్?"

"పద్దెనిమిది."

"మొదటి దాంట్ల ఏమున్నది?"

"ఇప్పుడవన్ని ఎందుకక్కా?"

"మోగిచ్చి చూస్తాన."

"రంగుల గురించి."

"ఏ రంగులు?"

"బట్టకు అద్దే రంగులు."

"అది నేను పోయినేడు వానకాలం, ఈ గల్లాపెట్టె మీద రాసిన. గిరాకి వస్తే లేసి, గిరాకి పోతే కూసోని రాసిన. చదువుకుంటనని నా నోటుబుక్కు పట్కపోయినవ్, వారం ఉంచుకున్నవ్. పద్దెనిమిదే అందుల గూడ."

"నా చేతితోనే రాసినక్కా."

"ఎత్తిరాసినవ్."

"చేతితోని..."

"ఎత్తిరాసినవా లేదా?"

"ఎత్తిరాసిన."

"బిడ్డా, ఇది మంచిగ మోగుతాంది. ఇదే తీస్కుంట."

"ఆడనే ఉండనీ, మొగిలమ్మా, నాయిన వచ్చి తూకమేస్తడు. నువ్వు తలకాయ ఎత్తు, రామలింగం."

"మా నాయిన పట్టాల మీద గ్యాంగ్‌మన్. వచ్చే యేడు రిటైరు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. నాకు ఫెలోషిప్ రాకుంటే ఇంటిల్లిపాది ఏడికి పోవాలక్కా? నీకైతే దుకాణమున్నది."

"ఎవరికి? దుకాణం మా అన్నది. మా నాయిన అన్నం తిని వచ్చేదాక కూసునే దాన్ని నేను. ఈయేడు సీటొస్తే చదువుకో, రాకుంటే పుస్తకాలు అటుక మీద పెట్టుమన్నరు. నిన్న పెట్టిన. నా దగ్గరున్న సగం గూడ ఆడనే ఉన్నది."

"నాకు తెల్వదక్కా."

"నీకు చెప్పిన. రెండుసార్లు చెప్పిన."

"కంప్లైంటు చేస్తవా?"

"చెయ్యొద్దా?"

"చేస్తే నీకే..."

"నాకే ఏంది? నోట్లనే మింగకు, పూర్తిగ చెప్పు."

"నోటుబుక్కు తోని సాక్షి కాయితం పెట్టాలె. దాని మీద సంతకం నీదక్కా."

"ఎప్పుడు పెట్టిన?"

"పరీక్షకు మూడు దినాల ముందు. లైబ్రరీకి జామీను కాయితమని చెప్పి మడతపెట్టి ఇచ్చిన. నువ్వు గిరాకితోని మాట్లాడుకుంటనే పెట్టినవ్."

"మడత ఇప్పలేదా?"

"ఇప్పలే. నేను జూస్తనే ఉంటి. రామలింగం ఈ వ్యాసాలన్ని సొంతంగ మార్చిండు, ఏడాది నుంచి నేను కండ్లార చూసిన అని ఉన్నది అందుల. ఇప్పుడు నాది అబద్ధమంటే నీది గూడ అబద్ధమైతది. ఇద్దరం మునుగుతం. నీ మంచికే చెప్తాన."

"ఇది చెప్పనీకే వచ్చినవ్ అన్నట్టు."

"డిక్షనరీ ఇద్దామనే..."

"డిక్షనరీ బల్ల మీద పెట్టు. ఇప్పుడు నేను చెప్తాన, విను. ఆ నాడు గూడ నువ్వు నీళ్లడిగినవ్. కుండ ఆడనే ఉండె. నువ్వు అటు తిరిగి ముంచుకునే యాళ్లకు, మడత ఇప్పి చదివిన."

"చదివినవా?"

"మా నాయిన నాకు అక్షరాల కంటె ముందు నేర్పింది అదే. చదవకుండ ఏ కాయితం మీద చెయ్యి పెట్టొద్దని."

"చదివి... చదివి గూడ పెట్టినవా అక్కా?"

"పెట్టిన. ఇంటి కష్టం ఉన్నోడు, అడుగనీకి సిగ్గుపడ్డడు, రేపు వచ్చి చెప్తడు అనుకున్న. సీటు నీకే పోనీ, పరీక్ష పాసై ఉంటే ఇంట్ల ఇంకో యేడు ఆగుతరు, వచ్చేసారి సారు నా పేరన్న అడుగుతడని లెక్కేసుకున్న. మూడు దినాలు ఈ మెట్ల దిక్కే చూసిన. చెప్పకున్నా పాయె, పుస్తకం సగమన్న తెచ్చిస్తవని, పరీక్ష నాడు గంట కొట్టేదాకా నా పక్క జాగల ఎవ్వరిని కూసోనియ్యలే."