తలకిందుల పుస్తకం

ఆదివారం ఉదయం. పుస్తకాల బీరువా ముందు కుర్చీలో అక్క. ఎదురుగా, స్టాండుకి ఫోను బిగిస్తూ చెల్లెలు.

"అది కాదక్కా, ఎర్ర అట్టది. నీ చేతిలో ఉన్నది మనమింకా మొదలుపెట్టనే లేదు."

"ఇదీ ఎర్రదేగా."

"అది ఇటుక రంగు. పూర్తయినవి కుడి పక్కన, చదువుతున్నది ఒళ్లో, చదవబోయేవి ఎడమ పక్కన. పొద్దున్నే సర్ది పెట్టాను కదా."

"బల్ల తుడుస్తుంటే కలిసిపోయాయి."

"నిన్నెవరు తుడవమన్నారు? సరే, ఇదిగో, ఇది పట్టుకో. తిప్పి పట్టుకో."

"ఏం, మళ్లీ తలకిందులా?"

"కాదు, అది వెనక అట్ట."

"ముందే చెప్పవే పిట్టా. పోయినవారంలా మళ్లీ నవ్వులపాలు కాలేను."

"నవ్వులపాలేమీ కాలేదు. వీడియో కింద ఒక్కడే అడిగాడు, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారేంటి మేడం అని. మీరు శ్రద్ధగా చూస్తున్నారో లేదో పరీక్షించడానికి అని జవాబు పెట్టేశా. అందరూ సరదాగానే తీసుకున్నారు."

"ఆ అట్ట మీద ఓ మనిషి బొమ్మో, కనీసం ఓ చెట్టో వేసి ఉంటే నాకీ పాట్లు ఉండేవి కావు. వట్టి అక్షరాలు. దేనికి తల ఎటో, కాళ్లెటో నాకెలా తెలుస్తుంది?"

"కళ్లజోడు పెట్టుకో. జోడు ఉంటే చదివేవాళ్లలా ఉంటావు."

"నా కళ్లకేం రోగం? ఆ గోడ మీద చీమల బారు ఇక్కణ్నుంచి కనిపిస్తోంది. ఈ పేజీలోనూ అదే కనిపిస్తోంది, చీమల బారు."

"మళ్లీ మొదలుపెట్టకక్కా. తలలో నెత్తురు గడ్డ కరిగింది, చెయ్యి పడిపోలేదు, మాట పడిపోలేదు. ఎంత అదృష్టమో అన్నాడు డాక్టరు."

"అన్నాడు. నా పేరు రాయమంటే చక్కగా రాశాను. ఏం రాశారో చదవండి అన్నాడు. నేను రాసిందే, నా ముందే ఉంది. దాని మొహం చూస్తే ఏ ఊరిదో, ఎవరిదో. అదీ అదృష్టమే."

"టైమవుతోంది. పూర్తయిన పుస్తకం గురించి ఇంకోసారి అనుకుందామా?"

"చెప్పు."

"రేవులో తాళాలు బాగుచేసే ముసలాయన. ఊళ్లో వాళ్లందరి తాళంచెవులకీ నకళ్లు దాచిపెట్టుకుంటాడు. ఒకరోజు ఒకావిడ వచ్చి, నా భర్త బయట తాళం వేసుకుని పోతున్నాడు, లోపల్నుంచి తెరుచుకునే తాళంచెవి చేసిపెట్టమంటుంది."

"చేస్తాడా?"

"చేస్తాడు. ఆఖర్న ఆవిడ వెళ్లిపోతుంది."

"ఎలా వెళ్తుంది? రాత్రా, పగలా? ఎవరైనా చూశారా?"

"వెళ్లిందంటే వెళ్లింది."

"పిట్టా, చివరి అధ్యాయం చదివావా?"

"చదివా. చాలావరకు."

"చాలావరకా?"

"బస్సులో కునుకు పట్టిందక్కా. దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ ల్యాబుకి వెళ్లా. ఆ గొడవలో నాలుగు పేజీలు వదిలేసి ఉంటా."

"సరే. వాక్యం ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే? పొడుగ్గా ఉందా, పొట్టిగా ఉందా, నడుస్తోందా, కూలబడుతోందా? చూసేవాళ్లు నా దగ్గరికి కథ కోసం రారు. ఆ మాట కోసం వస్తారు."

"నేను పళ్లసెట్లు చేసేదాన్ని. పన్ను వంకరగా ఉంటే చెప్పగలను. వాక్యం వంకర నాకెలా తెలుస్తుంది?"

"సరే సరే, కోప్పడకు. నేనే ఏదో ఒకటి అంటాలే. పొట్టి వాక్యాలు, తాళం తిరిగినట్టు టక్కున ఆగుతాయి అంటాను."

"భలే ఉంది. నిజంగా అలాగే ఉంటాయి కూడా. ఎలా తెలిసింది?"

"తెలియలేదు. అంటున్నానంతే. ఇప్పుడదే నా పని."

"ఇక అసలుది. ఈసారి లైవ్. తప్పు దొర్లితే మళ్లీ తీద్దామంటే కుదరదు. ఒళ్లో ఉన్న పుస్తకంలోంచి ఒక పేజీ చదువుతారని దాన్ని అచ్చేసిన ప్రచురణకర్త ఊరంతా చెప్పుకున్నాడు. పేరా గుర్తుందా?"

"ఉంది."

"అప్పజెప్పు."

"వంతెన అవతల దీపాలు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. అతను మాత్రం ఇవతలే నిలబడి, ఆరని దీపం ఏదా అని వెతుకుతున్నాడు. నది..."

"పేజీ. పేజీ తిప్పాలి అక్కడ."

"నది దగ్గరా?"

"నది తర్వాత. నువ్వు కళ్లు కూడా కదపడం లేదు. చదివేవాళ్ల కళ్లు అటూ ఇటూ పోతుంటాయి."

"ఇలాగా?"

"మరీ అంతలా కాదు, దొంగచూపుల్లా ఉన్నాయి."

"దొంగచూపులే కదే."

"అక్కా."

"పాతికేళ్లు ప్రెస్సులో ప్రూఫులు చూశానే. ఒక్క ఒత్తు జారిపోయినా ఊరుకోని దాన్ని. ఇప్పుడు బడిలో చిలకపలుకులు అప్పజెప్పే పిల్లలా... ఇంకెన్నాళ్లు?"

"అలవాటవుతుంది. నీకు మంచినీళ్లు తెస్తా ఉండు. గొంతు ఎండిపోతోంది."

"పిట్టా, నీ ఫోను మోగుతోంది. ఎవరో చేస్తున్నారు."

"ఎవరో చూడు."

"పేరేదో ఉంది. చూసి ఏం చెయ్యను?"

"అలా వదిలెయ్, తీయకు. వంటింట్లో ఉన్నా, వస్తున్నా."

"ఆపబోతే ఏదో నొక్కుకుపోయింది. హలో?"

"హలో, ఏమ్మాయ్, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నా, ఏమీ అనుకోకు. ల్యాబు నుంచి మాట్లాడుతున్నా. కొత్త బ్రాంచికి వెళ్లనని చెప్పావట?"

"ఊఁ."

"మొత్తం ల్యాబు నీ చేతికిస్తున్నారమ్మా. నీకంటే వెనకొచ్చిన వాళ్లంతా ఎదురుచూస్తున్నారు దాని కోసం. ఇంట్లో ఇబ్బంది అన్నావట, ఏం ఇబ్బంది? ఇంకోసారి ఆలోచించు. రేపు పొద్దున చెప్పకపోతే వేరేవాళ్ల పేరు పంపక తప్పదు. సరేనా?"

"సరే."

"గొంతేంటి అలా ఉంది? జలుబా?"

"అవును. ఉంటాను."

"ఎవరక్కా? ఇవిగో నీళ్లు. ఎవరు చేసింది?"

"మీ మేనేజరు."

"ఏమన్నాడు?"

"జలుబా అన్నాడు."

"ఇంకా?"

"ఇంటి ఇబ్బంది ఏంటని అడిగాడు. నాకూ అదే అడగాలని ఉంది. ఇంటి ఇబ్బంది ఎవరే?"

"నాకు ఆ ఊరు నచ్చలేదు. అందుకే వద్దన్నా."

"చూడనే లేదు, నచ్చకపోవడమేంటి?"

"చాలా దూరం. అంత దూరం నాకెందుకు?"

"ఇక్కడి బస్సులోనే నిద్రపోయి స్టాపు దాటిపోయేదానివి, నీకు దూరం ఒక లెక్కా? నా మొహం చూసి చెప్పు."

"లైవ్ మొదలవ్వబోతోందక్కా. తర్వాత మాట్లాడుకుందాం."

"ఎప్పుడూ తర్వాతే. ఎవరు చదువుతారని ఆగిపోయావు కదూ? వారానికి ఇన్ని పుస్తకాలు అక్కకి ఎవరు చదివిపెడతారని."

"నేనేమైనా అన్నానా?"

"అనలేదు. అదే నా బాధ. ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది."

"ఇప్పుడంటున్నా, విను. నాకు పుస్తకాలంటే ఇష్టం లేదక్కా. చిన్నప్పుడూ లేదు. నువ్వు మంచం మీద బోర్లా పడుకుని చదువుతుంటే నీ కాళ్ల మీద ఎక్కి తొక్కేదాన్ని, మూసెయ్, మూసెయ్ అని. ఇప్పుడు సెట్లు ఆరేలోగా ఓ పేజీ, అన్నం తింటూ ఓ పేజీ. ఆ ముసలాడి తాళాలు కలలోకొస్తున్నాయి. కానీ ఏం చెయ్యను? ఆస్పత్రి నుంచి వచ్చాక నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. ఎవరెన్ని చెప్పినా లేవలేదు. ఆదివారం అయ్యేసరికి, ఈవారం ఏం చెప్తారు అని నీ వీడియోలు చూసేవాళ్లు అడుగుతున్నారక్కా అని చదివి వినిపిస్తే, లేచి తల దువ్వుకున్నావు. అది చూశాక ఇంక ఎలా ఆపను?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్లీ గోడ వైపు తిరుగుతావని."

"అంటే నువ్వు నా కోసం, నేను నీ కోసం. నువ్వు కష్టపడి చదివావు కదా అని నేను చెప్తున్నా. నేను చెప్తున్నా కదా అని నువ్వు చదువుతున్నావు. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని, తలుపు రెండో వాళ్లే వేశారనుకుంటున్నాం."

"నీకూ ఇష్టం లేదా ఇది?"

"ఆదివారం వస్తోందంటే శనివారం నుంచి ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది."

"నాకు శుక్రవారం నుంచే."

"నవ్వకే, నాకూ నవ్వొస్తుంది."

"ఏడుస్తున్నావక్కా నువ్వు."

"ఏదో ఒకటి. కళ్లు తుడుచుకోవడానికి ఏదైనా ఇవ్వు. ఎంతమంది వచ్చారు?"

"చాలామంది. పేర్లు వస్తూనే ఉన్నాయి. తలనొప్పిగా ఉందని పెట్టేయనా?"

"పెట్టి? వచ్చేవారం ఏం నొప్పి పెడతావు?"

"ఆ పేరా గుర్తుందిగా? నది తర్వాత పేజీ."

"గుర్తుంది. పుస్తకాలు తీసెయ్, ఒళ్లో బరువుగా ఉన్నాయి."

"చేతిలో ఏమీ లేకుండానా? వాళ్లు చూడాలనుకుంటారు."

"చూస్తార్లే. ఆన్ చెయ్."

"అక్కా, ఏం చెప్పబోతున్నావు?"

"వారం వారం చెప్పేదే. ఆన్ చెయ్ పిట్టా."

"చేశా. కనిపిస్తున్నావు."

"అందరికీ నమస్కారం. తలకిందుల పుస్తకం గురించి అడిగిన అబ్బాయి ఉన్నాడా? బాబూ, అది పరీక్ష కాదు. నాకు నిజంగానే తెలియలేదు."

"అక్కా, వద్దు, ఆపేస్తున్నా."

"ఆపకు. ఆ గొంతు మా చెల్లెలిది. కొన్ని నెలలుగా మీరు వింటున్న పుస్తకాలన్నీ తను చదివినవే. నాకు తలలో ఒక జబ్బు చేసింది. చూపు ఉంది, మాట ఉంది, చదువు పోయింది. పుస్తకం విప్పితే చీమలు కనిపిస్తాయి. ఇవాళ ఒక పేజీ చదువుతానని మీకు మాటిచ్చారు. బట్టీ పట్టాను, చక్కగా వచ్చు. కానీ చదవను. మా చెల్లెలు వేరే ఊరు వెళ్తోంది, పెద్ద పనికి. రేపు పొద్దున వాళ్లకి ఫోన్ చేసి చెప్తుంది."

"అక్కా..."

"చెప్తుంది. ఇక నా సంగతి. డాక్టరు ఏనాడో చెప్పాడు, పళ్లెంలో పిండి పోసుకుని వేలితో అక్షరాలు దిద్దమ్మా, వేలు గుర్తుపడితే మెల్లగా కన్నూ గుర్తుపడుతుంది అని. ఊరందరి తప్పులూ దిద్దిన దాన్ని, నేను అక్షరాలు దిద్దడమేంటని మొండికేశాను. మొన్న మా చెల్లెలు పనికి వెళ్లాక, తలుపు గడియ పెట్టుకుని పళ్లెం తీశాను."

"నాకు చెప్పలేదేం?"

"నామోషీ. సరే, ఈ వారం పూర్తి చేసినవి, ఏమీ లేవు. ఇప్పుడు చదువుతున్నది, అ. ఇంకా కన్ను గుర్తుపట్టలేదు, సగంలో ఉన్నాను. తర్వాత చదవబోయేది, ఆ."