మేస్త్రీ కట్టిన ట్యూబు ముక్క

“వానలో బండి ఎక్కిళ్ళు పెడుతోందా? అదీ ఒక సమస్యేనా అమ్మాయ్! కూర్చో, ఈ టీ అవనీ” అన్నాడు మెకానిక్ మేస్త్రీ, టీ కొట్టు బల్ల మీద కాలు పైకి పెట్టుకుంటూ.

ల్యాబు అమ్మాయి కూర్చోలేదు. చేతిలో రక్తం సీసాల పెట్టె, తల మీంచి కారుతున్న వాన. “పదకొండుకల్లా ఇవి ఆసుపత్రిలో ఇవ్వాలండీ. లోపల ఐసు కరిగిపోతోంది. ఈ వారంలో రెండుసార్లు ఆలస్యమైంది, మూడోసారైతే ఇక రావద్దన్నారు. పోయిన వారం బండి బాగుచేసింది మీరే కదా?”

“నేనే! అందుకే కంగారు పడొద్దంటున్నా. పదిన్నరేగా అయింది? ప్లగ్గు మీద టోపీలా ఒక క్యాపుంటుంది. దానికి సన్నటి బీట పడిందనుకో, ఎండలో ఏమీ తెలీదు. నాలుగు చినుకులు పడ్డాయా, ప్లగ్గులోకి పోవాల్సిన కరెంటు ఆ తడి పట్టుకుని ఇంజను మీదికి జారుకుంటుంది, బండి దగ్గుతుంది. దానికి మందు కనిపెట్టిందెవరు? పాత ట్యూబు ముక్క తొడిగి ముడేశానంటే ఇక వాన దాని జోలికి రాదు. మొదట పోస్టుమాన్ బండికి కట్టా. ముసురంతా తిరిగాడు, ఒక్క దగ్గు లేదు. నీ బండికీ అదే కట్టా.”

“ఇంతవరకూ నమ్మొచ్చు” అన్నాడు పక్కనున్న టైలరు. మేస్త్రీ చెల్లెలి మొగుడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా బావా? కల్వర్టు మీద వరదొచ్చింది. బస్సులన్నీ ఆగిపోయాయి. నేను ఆగుతానా? దింపేశా బండి. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి, తల మీదికొచ్చాయి, ఇంజను మాత్రం గడియారంలా కొట్టుకుంటోంది.”

“మరి నీకు ఊపిరో?” అంది టీ కొట్టు అక్క.

“ఇంజనుకి అందిన గాలి నాకు అందదా అక్కా! హెడ్‌లైటేశా. చేపలు సిగ్నల్ పడ్డట్టు వరసగా నిలబడ్డాయి. హారన్ కొడితే తప్పుకున్నాయి. ఒక పెద్దది మాత్రం కదల్లేదు. లిఫ్ట్ కావాలేమోనని వెనక ఎక్కించుకుని ఒడ్డున దింపా.”

“ఒడ్డున దింపితే చచ్చిపోదూ?”

“అందుకేగా బావా, మళ్ళీ తీసుకెళ్ళి నీళ్ళలో దించొచ్చా! రెండు ట్రిప్పులు!”

అమ్మాయి పెట్టె బల్ల మీద పెట్టి, టైలరు జేబులోంచి తొంగిచూస్తున్న కత్తెర అడిగి తీసుకుని, రేకుల కింద నిలిపిన తన బండి దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీ అది గమనించే స్థితిలో లేడు.

“అసలు సంగతి విను. రెండో ట్రిప్పుకి సైలెన్సరు కాలిపోతోంది కదా, ఆ వేడికి వరద మధ్యలో ఆవిరైపోయి దారి పడింది. వెనకాల బస్సులు పొడి రోడ్డు మీద వచ్చాయి. ఆ ఆవిరి పైకెళ్ళి మబ్బయింది. ఇప్పుడు పడుతున్న వాన ఏదనుకున్నారు? అదే!”

“అయితే పొద్దుట్నుంచీ నన్ను తడుపుతున్నది కూడా మీరేనన్నమాట” అంటూ అమ్మాయి వచ్చి ఒక గ్లాసు మేస్త్రీ ముందు పెట్టింది. మేస్త్రీ తాగేసిన గ్లాసే. అందులో పావు వంతు మురికి నీళ్ళు.

“ఏంటిది?”

“ఈ గ్లాసు కింద పెట్టి మీ ముడి కత్తిరించాను. పైనుంచి వైరు వెంట ట్యూబులోకి నీళ్ళు దిగాయి. బయటికి పోదామంటే కింద మీరు బిగించేశారు. వారం రోజులుగా క్యాపు ఆ నీళ్ళలోనే నానుతోంది. బీట పడితే క్యాపు మార్చాలి గానీ సంచీ కడతారా మేస్త్రీ గారూ? మీ ఘనత వల్ల పోయేది నా ఉద్యోగం. కథ తర్వాత చెబుదురుగానీ, ముందు కొత్త క్యాపు తెండి.”

మేస్త్రీ కాలు కిందికి దించాడు. ఎదురుగా ఉన్న తన షాపులోకి వెళ్ళి కొత్త క్యాపు తెచ్చి, ప్లగ్గు తుడిచి, బిగించాడు. అమ్మాయి కిక్కు కొట్టింది. ఒక్క ఎక్కిలి లేదు. పెట్టె వెనక కట్టుకుని, అదే వానలో, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఊరుకోవడం చేతకాలేదు.

“ఏమన్నా అను బావా, ముడంటే అదీ. వారమైనా ఒక్క చుక్క కారనిచ్చిందా?”

టైలరు గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు.

“చేప లేదోయ్. రెండో ట్రిప్పులో దించేసినట్టున్నావ్.”